ఇంజనీరింగు కళాశాలలలో నాంగ్లవాగ్వ్యవహార శిక్షణము

ఇంజనీరింగు విద్యార్థులకు ‘కమ్యూనికేషను స్కిల్స్’ అను పేర నాంగ్లభాషణమును నేర్పుట మన దేశమునఁ గొన్ని దశాబ్దములుగా సాగుచున్నది. దీనిఁ గూర్చి సంస్కృతవ్యాకరణము చదివినవాఁడు పలుకఁబూనుట యనధికారప్రసంగమని కొందఱు తలంపవచ్చును. కాని శబ్దమును శుద్ధముగ నుచ్చరించుట, అర్థమును సందేహమునకుఁ దావీయక తెలుపుట యను రెండును మన శాస్త్రమునకు విషయములే. పతంజలి మహర్షి భాష్యారంభమునఁ బరిగణించిన ముఖ్యప్రయోజనము లయిదింటిలోఁ గడపటిది యసందేహము. భాష సంస్కృతమైనను నాంగ్లమైనను నీ ప్రయోజనమునకు భేదము లేదు. కావున నీ శిక్షణమునందలి గుణదోషములను మన శాస్త్రదృష్టితోఁ బరిశీలించుట యిచట మా యుద్దేశము.

మొదట శిక్షణస్వరూపమును దెలిసికొందము. 1972లో నేర్పడి, 2008లో హైదరాబాదు, కాకినాడ, అనంతపురములందు వేఱువేఱు విశ్వవిద్యాలయములుగ విభక్తమైన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయముయొక్క సంప్రదాయమున, ఆంగ్లభాషకుఁ బ్రథమవర్షమునందే ప్రయోగశాల కలదు. హైదరాబాదు ప్రణాళికలో నిది రెండు భాగములుగ నున్నది. మొదటిభాగమున విద్యార్థి కంప్యూటరు సాయమున ధ్వనులను విని మఱలఁ బలుకును. రెండవభాగమున సంభాషణము, వాదము, వస్తువర్ణనము, వేదికాప్రసంగము మున్నగునవి యభ్యసించును. పై తరగతులలో బృందచర్చయు, నుద్యోగపరీక్షలందలి ప్రశ్నోత్తరసరణియుఁ జేరును.

ఇందు మొదటిభాగము మాకు మిక్కిలి సమ్మతము. వేదాంగములలో శిక్ష యను శాస్త్రమును వేఱుగ నిలిపిన జాతికి ధ్వనిబోధ నూతనము కాదు. ఇంగ్లండునందలి విద్యావంతుల యుచ్చారణమును డేనియల్ జోన్స్ పండితుఁడు 1917లో నిఘంటురూపమున వెలువరించెను. నేఁటి ప్రయోగశాలలలో గోడలపై వ్రేలాడు నలువదినాలుగు ధ్వనుల పట్టిక యా సంప్రదాయపుఁ బంటయే. అందు ఇరువది యచ్చులు, ఇరువదినాలుగు హల్లులు. ‘ఇంద్రశత్రు’ శబ్దమును దత్పురుషస్వరముతోఁ బలుకవలసియుండ బహువ్రీహిస్వరముతోఁ బలుకుటచే వృత్రుఁడే హతుఁడయ్యె నను కథను మన పాఠశాలలలో నెఱుఁగనివారు లేరు. ఆంగ్లమునను నిట్టి స్వరభేదము కలదు. ‘గ్రీన్‌హౌస్’ అనునపుడు మొదటి పదమును నొక్కి పలికినచో మొక్కలను బెంచు గాజుటిల్లు. రెండవదానిని నొక్కినచోఁ బచ్చరంగు వేసిన యిల్లు. ‘రికార్డ్’ అను శబ్దము మొదటి యక్షరమున నూనికగలదైనచో నామము. రెండవదాన నైనచోఁ గ్రియ. ఈ భేదము నేర్పుట యవసరమే.

అయిన నొక్క కొఱఁత. నేర్చువాఁడు తెలుఁగువాఁడన్న సంగతి యా ప్రయోగశాలకుఁ దెలియదు. తెలుఁగు అజంతభాష యగుటచే మన బాలుఁడు ‘బస్’ అనుదానిని ‘బస్సు’ అనియు, ‘స్కూల్’ అనుదానిని ‘స్కూలు’ అనియుఁ బలుకును. ఇది వాని యజ్ఞానము కాదు. మాతృభాషయందలి నియమము పరభాషయందుఁ బ్రవర్తిల్లుట. ఆంగ్లమునందలి రెండువిధములగు వకారములు మనకు నొక్కటియే. వారి ట, డ లకు మనము మూర్ధన్యములను బలుకుదుము. ఇట్టివి లెక్కకుఁ బదో పదునైదో యుండును. ఈ భేదములను సూత్రప్రాయముగఁ దొలుత నెఱిఁగించినచో విద్యార్థి తన తప్పునకుఁ గారణమును దెలిసి దిద్దుకొనును. కారణము చెప్పక వందమాఱులు వినిపించిన యంత్రము వానికి సిగ్గును మాత్రమే నేర్పును.

ఇఁక రెండవభాగము. ఇందు విశేషప్రచారము గలది ‘జస్ట్ ఎ మినిట్’ అను నభ్యాసము. ఒక విషయము నొసఁగి నిమిషకాల మాఁగక మాటలాడు మందురు. ఇదే పేరుగల వినోదక్రీడ బి.బి.సి. రేడియోలో 1967లో మొదలయ్యెను. తడఁబాటు, పునరుక్తి, విషయాంతరగమనము అను మూఁడును నందు నిషిద్ధములు. మన యవధానములందలి నిషిద్ధాక్షరివలె నిదియు సభారంజకమైన క్రీడయే. సభాకంపమును బోఁగొట్టుటకుఁ గొంత యుపకరించును గూడ. కాని క్రీడానియమము శాస్త్రవ్యవహారమునకుఁ బ్రమాణము కాఁజాలదు. కొలఁత నిశ్చయముగఁ దెలియనిచోట నాఁగుట యింజనీరునకు దోషమా? తీగయందలి విద్యుత్తును నిలిపితిరా యని రెండుమాఱు లడుగుట పునరుక్తియా? మీమాంసకులు తాత్పర్యనిర్ణయమునకుఁ జెప్పిన లింగములలో నభ్యాస మొకటి. అవసరమైనచోఁ బునరుక్తియే వక్త హృదయమునకు సాక్షి.

కొంతకాలము క్రిందట నధ్యాపకుఁడగు మిత్రుని కోరికపై నొక కళాశాలలో నీ తరగతిని జూడఁబోయితిని. ఒక విద్యార్థి ‘కాలముయొక్క విలువ’ను గూర్చి నిమిషము తడఁబడక ప్రసంగించెను. అందలి వాక్యములను దలక్రిందులుగఁ జదివినను నర్థహాని లేదు. ఏలయన నర్థమే యల్పము. తరువాత రైతుబిడ్డ యొకఁడు లేచి, బావిలోని గొట్టపుఁ దుద నుండు ‘ఫుట్ వాల్వు’ను గూర్చి చెప్పఁబూనెను. క్రియలకుఁ గాలము తప్పెను, ఏకవచనబహువచనములు కలసిపోయెను, నడుమ రెండుమాఱులు నిలిచి చేతితో గాలిలో బొమ్మ గీచెను. అయినను నీరు లోనికి వచ్చునే కాని వెనుకకుఁ బోఁజాలదనియు, నా మూఁత చెడినచో గొట్టములోని నీరు జాఱిపోయి మోటారు తిరిగినను నీరెక్కదనియు నాకు స్పష్టముగఁ దెలిసినది. నేను యంత్రవిద్య నెఱుఁగనివాఁడను. నాకు శాబ్దబోధమును గలిగించినవాఁ డీతఁడే. మార్కులు మాత్రము మొదటివానికి మెండుగ వచ్చెను. ఆ కుఱ్ఱవాఁడు తల వంచుకొని కూరుచుండుట నేఁటికిని నాకుఁ గన్నులకుఁ గట్టినట్లున్నది.

మే మపశబ్దమునకుఁ బక్షపాతులము కాము. వాని దోషములు దిద్దవలసినవే. కాని యాకాంక్షయు యోగ్యతయు సన్నిధియుఁ గల వాక్యమునకు వచ్చిన శబ్దదోషము కొలఁది దినములలోఁ దీఱును. అర్థశూన్యమైన ధారకు మందు లేదు. పరీక్ష యీ తారతమ్యమును గ్రహింపకున్నచో, తెలిసినవాఁడు మౌనమును, తెలియనివాఁడు ధైర్యమును నేర్చుకొందురు.

ఆంగ్లము చక్కఁగ వచ్చినఁ జాలునని తలఁచువారికి రెండుదాహరణములు చూపుదుము. ఇవి యాంగ్లమే వ్యవహారభాషగాఁగల యమెరికాదేశమున జరిగినవి. అంగారకగ్రహమునకుఁ బంపిన ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ 1999 సెప్టెంబరు 23న నశించెను. భూమిపైనున్న యొక సాఫ్ట్‌వేరు తోపుడుబలమును పౌను కొలఁతలోఁ దెలుపఁగా, దానిని గ్రహించినది న్యూటను కొలఁతగ భావించెను. రెంటికిని భేదము సుమారు 4.45 రెట్లు. సంఖ్య చెప్పఁబడినది, మానము చెప్పఁబడలేదు. ఆకాంక్ష తీఱని వాక్యమునకు ఫలమిది. రెండవది కొలంబియా నౌక. 2003 ఫిబ్రవరి 1న నది విచ్ఛిన్నమై యేడుగురు మరణించిరి. నౌక యాకాశమున నుండఁగనే, ఎడమఱెక్కకుఁ దగిలిన నురుఁగుముక్కను గూర్చి యింజనీర్లు స్లైడులపై నివేదించిరి. పరీక్షలందు వాడిన ముక్క 3 ఘనపుటంగుళములు. తగిలినదాని యంచనా 1920. ఈ 640 రెట్ల భేదము స్లైడు నడుగుభాగమున నణఁగియుండెను. ‘సిగ్నిఫికెంట్’ అను నొక్క పదమే యా పుటలో నయిదుమాఱులు భిన్నార్థములలోఁ బ్రయుక్తమైనట్లు ఎడ్వర్డ్ టఫ్టీ పండితుఁడు చూపెను. సాంకేతికవ్యాసములకు బదులు స్లైడులను వాడు నలవాటును విచారణసంఘమును దన నివేదికలో నాక్షేపించెను. అచట నుచ్చారణదోషము లేదు, వ్యాకరణదోషము లేదు. నానార్థపదమునకు నియామకము లేకపోవుటయు, ప్రధానము నప్రధానముగ నుంచుటయు నున్నవి.

ఇచట నొక పూర్వపక్షము: ‘ఉద్యోగ మాంగ్లముతో ముడివడియున్నది, ఆంగ్లలోపముచేఁ బ్రాణహానియుఁ గలుగును. 1996 నవంబరు 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీయొద్ద రెండు విమానములు గగనమున ఢీకొని 349 మంది మడిసిరి; కజక్‌స్థాను విమానచాలకుల యాంగ్లజ్ఞానలోప మందొక కారణముగఁ బేర్కొనఁబడినది కదా’ యని. ఇది సత్యమే, ఆంగ్లశిక్షణము వలదని మేమనలేదు. కాని వైమానికు లీ యాపదకుఁ బ్రతిక్రియగ వేగభాషణమును నేర్పుకొనలేదు. మితపదములతో నియతవాక్యములను బలుకుట, విన్న యాజ్ఞను దిరిగి చెప్పుట వారి నియమములు. అనఁగా మన తరగతులు నిషేధించు పునరుక్తియే వారికి రక్ష.

ఇఁకఁ గర్తవ్యము. విద్యార్థి తన ప్రయోగశాలలో స్వయముగఁ జేసినదానినే ప్రసంగవిషయముగ నీయవలెను. దానిని మొదట తెలుఁగునఁ జెప్పించి, యర్థము కుదిరినపిదప నాంగ్లమునఁ బలికింపవలెను. 2021లో నఖిలభారత సాంకేతికవిద్యామండలి తెలుఁగు మొదలగు దేశభాషలలో నింజనీరింగు బోధనకు ననుమతి నొసఁగియుండఁగా, నాంగ్లతరగతిలోఁ దెలుఁగుమాట నపరాధముగ నెంచుట తగదు. మార్కులు వక్తనుబట్టి కాక శ్రోతనుబట్టి యీయవలెను: ఒకఁడు పటమును జూచి వర్ణింపఁగా, రెండవవాఁడు చూడక గీయవలెను, గీచిన పటము సరియైనచోఁ జెప్పినవాఁడు నేర్పరి.

స్లైడులతోఁ బ్రసంగించువారికిఁ బాణినీయశిక్షయందలి యధమపాఠకుల గణనము చాలును. రాగము తీయువాఁడు, త్వరపడువాఁడు, తలయూఁచువాఁడు, వ్రాసినదానినే చదువువాఁడు, అర్థ మెఱుఁగనివాఁడు, గొంతు పెగలనివాఁడు అని వా రార్గురు. నాలవవాఁడు నేఁడు ప్రతి సభలోను తెరవైపు తిరిగి మనకు వీఁపు చూపుచున్నాఁడు.

ఈ శిక్షణమున శబ్దమునకు నియమింపఁబడిన శ్రద్ధలో సగ మర్థమునకు నియమించినచో నా రైతుబిడ్డవంటివా రనేకులు తల యెత్తుకొని మాటలాడఁగలరు. ఆంగ్లోపాధ్యాయులు మా మాటలందలి స్ఖాలిత్యములను సవరించి, యుపాదేయాంశ మున్నచో గ్రహింతురు గాక.