తాటాకు పట్టిన అచ్చుబొమ్మ

శావల్యాపురము నుండి ఉత్తరముగా పిడుగురాళ్ళకు పోవువారికి సున్నపుబట్టీలు కనుపించును. పల్నాటి యిండ్లలో పరచు నాపరాయియు సున్నపురాయి జాతిదే. ఆ జాతికే చెందిన మిక్కిలి సన్నని పలుకుగల బవేరియా రాయి ఒకప్పుడు దేవతల పటములను ఇంటింటికి చేర్చెను. రాజా రవివర్మ సరస్వతి పటము అట్టిదే.

1796 ప్రాంతమున జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ కనుగొనిన లితోగ్రఫీ, అనగా రాతి అచ్చు, నూనెకు నీటికి గల వైరముపై ఆధారపడినది. నునుపుచేసిన రాతిపై కొవ్వు కలిసిన సిరాతో బొమ్మ గీతురు. కొవ్వులోని ఆమ్లము రాతిలోని కాల్షియంతో కూడి నీట కరగని సబ్బగును. తక్కినచోట జిగురు, కొద్దిపాటి నత్రికామ్లము పూసి తడిపినచో అక్కడ నీరు నిలిచి సిరాను అంటనీయదు. చెక్కుట లేదు, గాడి లేదు. రంగుల అచ్చునకు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి కావలెను. నేరుగా రాతిపై గీసినచో కుడియెడమలు తారుమారగును గనుక, వీణాపాణిని అక్కడ ఎడమచేతివాటముగా గీయవలసినదే!

రవివర్మ 1894లో బొంబాయిలో జర్మను యంత్రములతో అచ్చుకూటమును నెలకొల్పెను. 1895లో పారిస్‌లో లితోగ్రఫీ శతాబ్ది ప్రదర్శనము జరిగెను. ఫ్రెంచి చిత్రకారులు కళలను, పరిశ్రమలను స్త్రీమూర్తులుగా గీసి, చేతికి ఆయా పనిముట్లిచ్చి గౌరవించుట పరిపాటి. మన పటమున విద్యయే స్త్రీమూర్తి. రాతిపై కూర్చున్న దేవి, ప్రక్కన నెమలి, చేత జపమాల, వీణ. దేవిని మేఘములలో గాక నేలపై, మనుష్యస్త్రీవలె కూర్చుండబెట్టుట రవివర్మ ఘనత. కాని మరియొక చేతిలోనున్నది తాటాకు గ్రంథము! వేల ప్రతులుగా అచ్చయిన చదువులతల్లి, అచ్చు మూలమున మూలబడిన తాటాకునే పట్టుకొనియున్నది. సంప్రదాయమునకు ఇది తగినదే. అయినను తన్ను పుట్టించిన విద్యను ఈ పటము ఎక్కడను తలచలేదు. రాళ్ళపై రంగులు విడదీసి గీసిన పనివారి పేర్లును జనులకు తెలియరాలేదు. ఫ్రెంచివారి పద్ధతి ఈ ఒక్క విషయమున మేలు.

పాఠశాల గోడనున్న సరస్వతి పటమును భూతద్దముతో పరీక్షించుట మంచి పాఠము. నేటి ఆఫ్‌సెట్ ప్రతిలో చుక్కలు వరుసతీరి యుండును. పాత రాతి అచ్చులో అవి చేతితో పెట్టినవి గనుక, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చెక్కిలి నీడలో చిక్కగా, నుదుటిపై పలుచగా చెదరి కనుపించును.