తగిలిందా, లేదా?

సంక్రాంతి వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కబడ్డీ పోటీలు. డ్రిల్లు మాస్టార్ని కాబట్టి ఈల నా మెడలో పడుతుంది. కూతకెళ్లినవాడు వెనక్కి రాగానే రెండు జట్లూ ఒకేసారి అరుస్తాయి. "తగిలింది మేష్టారూ!" "ఏటి తగిలిందండీ, గాలి తగిలింది!"

గొడవ ఒక్క పాయింటు కోసమే అనిపిస్తుంది కానీ, ఆ తాకిడితో కోర్టే మారిపోతుంది. మగవాళ్ల కోర్టు వెడల్పు 10 మీటర్లు. అందులో రెండు పక్కలా మీటరు చొప్పున లాబీలు పోతే మిగిలేది 8. ఎవరూ ఎవర్నీ తాకనంతవరకు ఆట ఆ 8 మీటర్లలోనే. లాబీలో కాలు పెడితే ఔట్. వేలికొస తగిలిందా, లాబీలూ ఆటలోకి వచ్చేస్తాయి.

అందుకే నేను మొహాలు చూడను, చేతులూ కాళ్లూ చూస్తాను. ముందు తాకిడి. తర్వాత పట్టు: కాలో చెయ్యో నడుమో పట్టుకోవచ్చు, జుట్టు, బట్టలు పట్టుకోకూడదు, కూత ఆగేలా నోరు మూయకూడదు, కాళ్లతో కత్తెర వెయ్యకూడదు. చివరికి మధ్యగీత: నలుగురు మీద పడ్డా, కూత ఆగకుండా వేలు గీతకు అందితే వాడు బతికినట్టే. మట్టి కోర్టులో సగం ఆటకే సున్నం గీతలు చెరిగిపోతాయి, అదో తిప్పలు.

అయితే కన్ను ఒక్కటే చాలదు. 2023 అక్టోబరు 7న హాంగ్జౌ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్, ఇరాన్ 28-28తో ఉన్నాయి. కూతకెళ్లిన భారత ఆటగాడు పవన్ సెహ్రావత్ ఎవర్నీ తాకకుండానే లాబీలోకి వెళ్లాడు, వెంటే ఇరాన్ ఆటగాళ్లూ దిగారు. కెమెరాలు అంతా చూపించాయి. అయినా ఔటయింది పవన్ ఒక్కడేనా, వెంటపడ్డవాళ్లు కూడానా అన్నది తేలక ఆట సుమారు గంటసేపు ఆగింది. చివరికి 33-29తో భారత్ గెలిచింది. తగాదా అంతా ఏ నిబంధన వర్తిస్తుందన్న దాని మీదే.

బేస్‌బాల్‌లోనూ అంతే. పరిగెత్తేవాడూ ఫీల్డరూ ఢీకొంటే, కొట్టిన బంతిని అందుకోబోతున్న ఫీల్డరుకు పరిగెత్తేవాడే దారివ్వాలి. బంతి లేకుండా, బంతితో పని లేకుండా అడ్డం నిలబడితే తప్పు ఫీల్డరుది. దారి మీద హక్కు ఎవరిదో అంపైర్ ముందే తెలుసుకుని ఉండాలి.

అందుకే టాస్‌కి ముందే కెప్టెన్లిద్దర్నీ లాబీ గీత దగ్గర నిలబెట్టి నిబంధన చెప్పేస్తాను, ఇద్దరిచేతా ఒప్పిస్తాను. ఆ తర్వాత నా కన్నుని ఎంత తిట్టుకున్నా ఫరవాలేదు. ఆట మధ్యలో నిబంధన మీద తగువు పడితే మాత్రం ఏ ఈలకీ విలువుండదు.