అరుగు ఎత్తు

పాత నాటకశాలకు మరమ్మతు అనగానే అందరి కళ్లూ స్టేజీ మీదే. లైట్లు, తెరలు, కుర్చీలు, ఏసీ. ముందు హాలూ మెట్లూ వరండా గురించి ఎవరైనా అడిగారంటే, అది డబ్బులు మిగిలాకే.

ఇంగ్లండులో బ్రిస్టల్ ఓల్డ్ విక్ అని ఒక థియేటరుంది. దాని ప్లాన్లు చాలాకాలంగా నా బల్ల మీద పడున్నాయి. 1766లో కట్టారు గానీ దానికి ముఖం పెట్టలేదు. మాటలతో నాటకం ఆడాలంటే రాజుగారి అనుమతి ఉండాలని 1737లో చట్టం వచ్చింది. ఈ థియేటరువాళ్లకు అది లేదు. అందుకని కింగ్ స్ట్రీట్‌లో ఇళ్ల వెనకాల, నాటుసారా బట్టీ పెట్టినట్టు చాటుగా కట్టుకున్నారు. జనం ఓ ఇంట్లోంచి దూరి లోపలికి పోవాలి. కచేరీ అని ప్రకటించి నాటకం ఆడేవారు. 1778లో అనుమతైతే వచ్చింది, ముఖం మాత్రం రాలేదు. 1970ల మొదట్లో పీటర్ మోరో అనే ఆర్కిటెక్టు పక్కనున్న కూపర్స్ హాల్‌ని ప్రవేశద్వారంగా మార్చాడు. అది పీపాలు చేసేవాళ్ల సంఘం 1744లో కట్టుకున్న భవనం. అంటే అరువు ముఖం.

2018లో హావర్త్ టాంప్కిన్స్ సంస్థవాళ్లు ఆ 1970ల ముందుభాగం తీసేసి, వీధివైపు తెరుచుకునే ఎత్తైన హాలు కట్టారు. లోపలికి అడుగుపెడితే ఎదురుగా అసలు థియేటరు గోడే. ఇన్నాళ్లూ వేరే కట్టడాల చాటున నక్కిన గోడ. దాన్ని కొత్తగా సింగారించకుండా పాతగానే వదిలారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. టిక్కెట్టు లేనివాళ్లు కూడా వచ్చి కాఫీ తాగి పోవచ్చు. మోరో పని యాభై ఏళ్లు కూడా నిలవలేదు. నా పనికి ఎన్నేళ్లో!

ఎందుకు అంటున్నానంటే, మా జిల్లాలో ఒక టౌన్‌హాలు ముందుభాగం నేనే పాడుచేశాను. నాటక పరిషత్తు పోటీలు జరిగే హాలది. ముందు కడపరాళ్ల అరుగు ఉండేది, అంచులు అరిగి నున్నబడిపోయి. పోటీల రోజుల్లో రంగు పూసుకున్న దుర్యోధనుడు దాని మీదే గద పక్కన పెట్టుకుని టీ తాగేవాడు. ఓడిన సమాజంవాళ్లు జడ్జీలను తిట్టుకునేదీ అక్కడే. నాకది పాతబడ్డ రాయిలాగే కనిపించింది. తీయించి గ్రానైట్ మెట్లు, స్టీలు రెయిలింగు, రెండువైపులా పూలకుండీలు పెట్టించాను. ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంది.

ఆ ఏడు పోటీలకు వెళితే ఇంటర్వెల్లో జనం రోడ్డు మీద, స్కూటర్ల మీద, ఎదురు మెడికల్ షాపు గట్టు మీద ఉన్నారు. వాచ్‌మన్ నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

“కూర్చునేచోట కుండీలు పెట్టారు కదండీ. మరి పూలకి అమ్ముతారా టిక్కెట్లు?”

జవాబు దొరకలేదు. అప్పుడు తీయించిన రాళ్లలో నాలుగు హాలు వెనక సైకిల్ స్టాండు పక్కన ఇంకా పడున్నాయని కూడా అతనే చెప్పాడు. వాటితో మళ్లీ అరుగు కట్టడానికి ఈమధ్య కమిటీని ఒప్పించాను. ఎత్తు దగ్గరే ఆగింది పని. కుర్చీకైతే పద్దెనిమిది అంగుళాలు చాలు. గద పట్టుకుని, పంచె కట్టుకుని, కాళ్లు వేలాడేసుకుని కూర్చోవాలంటే ఇరవైనాలుగైనా ఉండాలంటాడు వాచ్‌మన్. పాత అరుగు ఎత్తెంతో కొలిచి పెట్టుకోలేదు నేను.