గ్రంథాలయంలో మనసు గది – వాడకి యెంత దూరం?

గ్రంథాలయాల్లో మానసిక ఆరోగ్య సేవలు పెట్టాలనే ఆలోచన కొత్తదేం కాదు. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రజా గ్రంథాలయం ఒక సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని నియమించుకుంది. ఇల్లు లేనివాళ్లు పగలంతా అక్కడే తలదాచుకునేవాళ్లు గనక సాయాన్నీ అక్కడికే తెచ్చారు. తిరుపతి, చిత్తూరుల్లోనూ ఆ పని చెయ్యాలనే మేమంటాం. అయితే యెవరి మనసు గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోవాలి.

ఆస్పత్రిలో మానసిక విభాగం ముందు నిలబడితే 'పిచ్చోడు' అనే ముద్ర పడుతుంది. గ్రంథాలయంలో కూర్చున్నవాణ్ణి యెందుకొచ్చావని యెవరూ అడగరు. పేపరు కోసమో, పోటీ పరీక్ష కోసమో, ఇంట్లో వుండలేకో, చెప్పక్కర్లేదు. దాని బలం అదే. సేవ పేరుతో గుమ్మంలో రిజిస్టరు పెట్టి పేరు, వూరు, జబ్బు రాయించుకుంటే ఆ బలం పోతుంది. చిత్తూరు వైపు ఫలానా ఆదిఆంధ్రవాడ అని చెప్పడమంటే కులం చెప్పడమే గదా!

2022 అక్టోబరు నుంచి 14416 నంబరుకి ఫోన్ చేసి మాట్లాడొచ్చు. బాగానే వుంది. ఒంటిగది యింట్లో అత్తామామలు వింటుంటే యే ఆడమనిషి తన బాధ చెప్పుకుంటుంది? తలుపేసుకోగల గది ఒకటి గ్రంథాలయం యిస్తే సగం పని అయినట్టే.

ఇక కులం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను, సేవలందించడంలో కులాన్ని బట్టి వివక్ష చూపకూడదంటుంది. అంటే చికిత్స గుమ్మం దగ్గర అడ్డుపడేదిగానే కులాన్ని చూసింది. మనసుని గాయపరిచేదీ కులమేనన్న యెరుక అందులో లేదు. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాక, ఆ చావుని సొంత నిస్పృహగా కుదించడానికి యెంత తాపత్రయపడ్డారో చూశాం. అవమానపడ్డవాడితో 'నీ ఆలోచన మార్చుకో' అనే కౌన్సెలింగ్ మాకొద్దు. ఆ గదిలో కూర్చునే మనిషికి 1989 అత్యాచార నిరోధక చట్టం కూడా తెలిసుండాలి.

డబ్బెక్కడిదంటారా? 1960 గ్రంథాలయాల చట్టం కింద యింటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వాడ కూడా కడుతోంది. శాఖ పెట్టేటప్పుడు మాత్రం వూరే గుర్తొస్తుంది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది, 1917లో అదే బెజవాడలో ఆదిఆంధ్ర మహాసభ జరిగింది. ఆ రెండూ ఒకే చరిత్రలో కనపడవు. అందుకే మొదటి గదిని నగరంలో కాకుండా యేదో ఒక ఆదిఆంధ్రవాడలో, కూలిపని నుంచి తిరిగొచ్చే వేళకి తెరవమంటున్నాం.