పార చేతిలో, పద్యం నోట్లో

బ్రెజిల్‌లో సెయరా రాష్ట్రపు రైతు అంతోనియో గొన్సాల్వెస్ ద సిల్వా. తీయగా పాడే ఓ పిట్ట పేరు పెట్టి లోకం ఆయన్ని పతతీవా దు అస్సారే అని పిలుచుకుంది. అస్సారే దగ్గరి కొండపల్లెలో 1909లో పుట్టారు. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది, తండ్రి పోయాడు. బడికి వెళ్లింది కొద్ది నెలలే. పొద్దంతా పొలంలో పార పని. ఆ పనిలోనే చరణం మీద చరణం మనసులో కట్టుకునేవారు. కాగితం సంగతి తర్వాత.

రాతే వృత్తిగా బతికే నాకు ఈ పద్ధతంటే ఎనలేని గౌరవం. నోట నిలవని మాట పొలం గట్టు దాటేలోపే జారిపోతుంది. మిగిలిందే పద్యం. ఆయన్ని చదివాకే నా పేరాలు నేను పైకి చదువుకోవడం మొదలుపెట్టాను. నాలుక తడబడిన చోట మాట మారుస్తాను.

సెయరా కరువు నేల. 1877-79 కరువు వేలాది మందిని అమెజాన్ రబ్బరు అడవులకు తరిమింది. మన రాయలసీమను ధాత కరువు మాడ్చిన రోజులే అవి. రెండింటి వెనకా ఎల్ నినో ఉంది. తర్వాతి తరాలు బల్లలు వేసిన లారీల్లో సావో పాలో దారి పట్టాయి. ఆ వలస మీదే పతతీవా ‘అ త్రిస్తి పార్తీదా’ (దుఃఖపు పయనం) అనే పద్యం కట్టారు. 1964లో లూయిజ్ గొన్జాగా పాడాక అది దేశమంతా మోగింది.

అందులో రైతు డిసెంబరు 13న గల్లుప్పు రాళ్లు ఆరుబయట పెడతాడు. సెయింట్ లూసీ పండగ నాటి ఆచారమది. ఒక్కో రాయి రాబోయే ఒక్కో నెలకు గుర్తు. చెమ్మెక్కితే ఆ నెల వాన పడుతుందని నమ్మకం. రాళ్లు పొడిగానే ఉంటాయి. మార్చి 19న సెయింట్ జోసెఫ్ పండగ కూడా చినుకు లేకుండానే పోతుంది. పశువుల్ని అయినకాడికి అమ్మేసి కుటుంబమంతా లారీ ఎక్కుతుంది. నా కుక్కకు కూడెవరు పెడతారని దారిలో ఒక పిల్లాడు అడుగుతాడు. ఎన్నిసార్లు విన్నా నేను అక్కడ ఆగిపోతాను. వలస లెక్కల్లో ఎక్కడా కనిపించని దుఃఖం అది.

ఇదంతా పల్లె యాసలోనే. బడి పోర్చుగీసులో ‘ఫ్లోర్’ అనే పువ్వు అక్కడివాళ్ల నోట ‘ఫులో’. పతతీవాకు గ్రాంథిక భాష రాక కాదు. పోర్చుగీసు మహాకవి కమోయిస్‌ను చదివినవారు, సానెట్లు రాసినవారు. కావాలనే తనవాళ్ల నోటి మాట పట్టుకున్నారు. బ్రెజిల్ దక్షిణాది నగరాల్లో ఆ యాసను వెక్కిరించినవాళ్లు ఎందరో. అదే యాస రేడియోలో పాటగా వినబడ్డప్పుడు అక్కడి వలస కూలీలు ఎంత పొంగిపోయి ఉంటారో!

తొలి పుస్తకం 1956లో వచ్చింది. పద్యాలు ఆయన గుర్తు తెచ్చుకుని చెబుతుంటే మరొకరు టైపు చేశారు. ముసలితనంలో రెండో కన్ను చూపూ పోయింది. అయినా ఎవరడిగినా పొడుగాటి పద్యాలు తడుముకోకుండా చెప్పేవారు. 2002లో సొంత ఊరు అస్సారేలోనే కన్నుమూశారు.