ఇరుంగాట్టుకోట్టై కవలలు

చెన్నై నుంచి బెంగళూరు హైవే పట్టుకుని పూందమల్లి దాటి శ్రీపెరుంబుదూరు వైపు వెళ్తుంటే ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్నది అక్కడే. 1998లో మన రోడ్ల మీదికి వచ్చిన తొలి శాంట్రో తయారైంది ఆ షెడ్లలోనే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి రేస్ ట్రాక్ కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. అది రాకముందు మద్రాసు రేసులు షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద జరిగేవి. అంటే కారును కట్టేవాళ్లూ, దాని పని పట్టేవాళ్లూ ఇక్కడ ఇరుగుపొరుగు.

ఆ ఫ్యాక్టరీ నుంచి ఒకే కాలంలో, ఒకే బాడీతో రెండు రకాల మనస్తత్వాలున్న కార్లు బయటికొచ్చాయి. 2020 నవంబరులో వచ్చిన మూడో తరం ఐ20ని డీజిల్‌లోనూ, టర్బో పెట్రోలులోనూ అమ్మారు. డీజిల్‌ది 1.5 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 100 పీఎస్, 240 న్యూటన్ మీటర్ల టార్క్. పెట్రోలుది 1.0 లీటరు, మూడే సిలిండర్లు, 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు. మరుసటి ఏడు సెప్టెంబరులో అదే పెట్రోలు ఇంజన్‌కి బిగువైన సస్పెన్షన్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, రెండు మూతుల సైలెన్సర్ తగిలించి ఐ20 ఎన్ లైన్ అన్నారు.

ఇది నిజంగా హాట్ హ్యాచా, అంటే చిన్న కారులో స్పోర్ట్స్ కారు దూకుడు ఉందా అని అడిగితే, గోరువెచ్చని హ్యాచ్ అనడం న్యాయం. ఐరోపాలో ఇదే కంపెనీ అమ్మిన అసలు ఐ20 ఎన్‌కి 1.6 టర్బో ఇంజన్, 204 పీఎస్. మన దగ్గర పన్ను లెక్క అడ్డం వస్తుంది. కారు నాలుగు మీటర్లలోపు ఉండాలి, పెట్రోలు అయితే ఇంజన్ 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటకూడదు. దాటితే పన్ను ఎగబాకుతుంది. ఈ గిరి లోపలే ఇంజనీర్లు ఎంత చేయగలిగారన్నది చూడాలి. నాకు 204 పీఎస్ కారు కన్నా ఇదే ఆసక్తిగా ఉంటుంది. పెద్ద ఇంజన్ పెట్టి వేగం తెప్పించడంలో పనితనం ఏముంది?

బ్రోచర్ చూసి పోల్చేవాళ్లు ఇక్కడే రెండు జట్లవుతారు. ఒకరు 120 పెద్దది కదా అంటారు, ఇంకొకరు 240 పెద్దది కదా అంటారు. ఇద్దరూ ఆ అంకెల పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న ఆర్‌పీఎం చదవరు. అసలు సంగతంతా అక్కడుంది. డీజిల్ తన 240 న్యూటన్ మీటర్లను 1,500 నుంచి 2,750 ఆర్‌పీఎం వరకే ఇస్తుంది, 100 పీఎస్ 4,000 దగ్గర. పెట్రోలు తన 172ని 1,500 నుంచి 4,000 వరకూ పట్టి ఉంచుతుంది, 120 పీఎస్ 6,000 దగ్గర.

ఇప్పుడు చిన్న లెక్క. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి ఏడు వేలతో భాగిస్తే దాదాపుగా పీఎస్ వస్తుంది. 1,500 దగ్గర డీజిల్ చేతిలో 51 పీఎస్ ఉంటే పెట్రోలు చేతిలో 37. 2,750 దగ్గరికి వచ్చేసరికి డీజిల్ 94కి చేరిపోయింది, అంటే ఇవ్వాల్సినదంతా దాదాపు ఇచ్చేసింది. అక్కడి నుంచి 4,000 వరకూ తొక్కినా పెరిగేది ఆరు పీఎస్. పెట్రోలు మాత్రం తొణకకుండా ఎక్కుతూ ఎక్కుతూ 4,000 దగ్గర 98 అవుతుంది. అంటే 4,000 ఆర్‌పీఎం దగ్గర ఈ రెండు ఇంజన్లకీ తేడా లేదు. టార్క్ కూడా అంతే, అటు 176, ఇటు 172. సైజు వేరు, సిలిండర్ల లెక్క వేరు, ఇంధనమే వేరు, అయినా ఆ ఒక్క బిందువు దగ్గర భుజం భుజం కలుపుకుని నిలబడతాయి. దానికి ముందున్నదంతా డీజిల్ రాజ్యం, తర్వాతదంతా పెట్రోలుది.

ఆ 172 అనే గీత 2,500 ఆర్‌పీఎం పొడుగునా బల్లపరుపుగా ఉండడం ప్రకృతి సిద్ధం కాదు. ఇంజన్‌ని దాని మానాన వదిలేస్తే టార్క్ కొండలా ఎక్కి దిగుతుంది. ఇక్కడ కొండ శిఖరాన్ని కావాలనే చెక్కేశారు. టర్బో నుంచి ఇంకా గాలి వచ్చే వీలున్నా, వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు తెరిచి పొగ గాలిని టర్బైన్ తగలకుండా పక్కనుంచి పంపేస్తారు. గేర్‌బాక్స్ తట్టుకోవాలి, పిస్టన్లు తట్టుకోవాలి, ముఖ్యంగా నడిపేవాడి కాలికి నమ్మకం కలగాలి. కాలు అంగుళం నొక్కితే ఈసారి ఎంత వస్తుందో, ఇంకోసారీ అంతే రావాలి. శిఖరం పోగొట్టుకుని మైదానం సంపాదించారు. రోడ్డు మీద నడిపేవాడికి శిఖరంతో పనిలేదు.

డీజిల్ వైపు పనితనం ఇంకో చోట ఉంది. డీజిల్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదహారింతల దాకా అదిమితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఒక్కసారిగా అంటుకుంటే టక టకమని కొట్టుకుంటుంది, పాత డీజిల్ అంబాసిడర్ మోగినట్టు. కామన్ రైల్ ఇంజన్‌లో ఇంజెక్టర్ అసలు మోతాదుకు ముందు, సెకనులో వెయ్యో వంతు తేడాతో, బొట్టంత ఇంధనం చిలకరిస్తుంది. అది నెమ్మదిగా అంటుకుని గదిని వెచ్చబెడుతుంది. తర్వాత పడే పెద్ద మోతాదు దబ్బున పేలకుండా సాఫీగా మండుతుంది. వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు మించిన ఒత్తిడితో, వెంట్రుకవాసి రంధ్రాల్లోంచి, నిమిషానికి వేల సార్లు ఈ పని జరుగుతుంటుంది. తెల్లవారి చల్లగా స్టార్ట్ చేసినప్పుడు బానెట్ పక్కన నిలబడి వింటే మొదట్లో కాస్త కరకర వినిపిస్తుంది, ఇంజన్ వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. ఆ తగ్గడంలోనే ఉంది చెప్పుకోవాల్సిన పనితనం.

ఇక రోడ్డు. ఈ రెంటినీ పోల్చడానికి చెన్నై తెలుగువాళ్లకి తెలిసిన దారే మంచిది. తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి. రమారమి 135 కిలోమీటర్లు. రెండు వరసలే ఉన్న చోట ముందు ఇసుక లారీ, ఎదర నుంచి బస్సు, మధ్యలో దొరికే సందు నాలుగైదు సెకన్లు. అక్కడ మనకి కావాల్సింది నిలిచి ఉన్న చోట నుంచి వంద అందుకునే సమయం కాదు, అరవైలో ఉన్న కారు తొంభైకి చేరే సమయం. ఎన్ లైన్‌కి సున్నా నుంచి వందకు 9.9 సెకన్లని కంపెనీ చెబుతుంది. ఆ అంకె సిగ్నల్ దగ్గర గొప్పలకి పనికొస్తుంది, ఆర్‌పీఎం పైనే ఉంచి గేర్లు మారుస్తూ సాధించేది కాబట్టి పెట్రోలుకే అనుకూలం కూడా. లారీ వెనక మాత్రం డీజిల్ గేరు మార్చమని అడగదు. నాలుగో గేరులోనే కాలు అదిమితే వీపు సీటుకి ఆనుతుంది, లారీ వెనక్కి పోతుంది. పెట్రోలులో అదే పని చేయాలంటే ముందు మూడోదానికి దిగాలి. దిగాక మాత్రం అది ఆగదు. డీజిల్ ఆయాసపడే చోట దీనికి ఉత్సాహం మొదలవుతుంది, ఆ మూడు సిలిండర్ల గుర్రుమనే గొంతు కూడా బాగుంటుంది.

డీజిల్ దమ్ము కురచ. 1,500 నుంచి 2,750 వరకూ ఉన్నది 1,250 ఆర్‌పీఎం వెడల్పు, పెట్రోలు మైదానంలో సగం. అందుకే దాని గేర్లను పొడుగ్గా పెడతారు, ఆ కొద్ది ఆర్‌పీఎంలోనే ఎక్కువ వేగం ఇమిడేలా. ఆరో గేరులో నూరు కిలోమీటర్ల వేగాన ఇంజన్ రెండు వేల దరిదాపుల్లో తీరిగ్గా తిరుగుతుంది. గూడూరు దాటాక ఎన్‌హెచ్ 16 మీద నెల్లూరు, ఒంగోలు, విజయవాడ వరకూ ఇలాగే పోవచ్చు. అలసట తెలియని ప్రయాణం అంటే ఇదే, పక్కవాళ్లు నిద్రపోతారు కూడా.

ఊళ్లో కథ వేరు. సాయంత్రం ఆరు గంటలకి చెన్నై మధ్య కైలాష్ నుంచి ఓఎంఆర్ రోడ్డులోకి తిరిగినవాడికి న్యూటన్ మీటర్లు గుర్తురావు, ఎడమ కాలు గుర్తొస్తుంది. డీజిల్ క్లచ్ బరువు, పైగా ఇంజన్ 1,500 లోపు ఉంటే నిద్రలో ఉన్నట్టే. రెండో గేరులో పాకుతున్న కారు ముందు ఆలోచిస్తుంది, తర్వాత ఒక్క దూకు దూకుతుంది. టర్బో పెట్రోలుకీ ఆ జబ్బు కొంత ఉంది, ఏసీ వేసి ఉంటే మూడు సిలిండర్లకి అదొక మోత. కానీ పెట్రోలు ఐ20ని ఐఎంటీ అనే ఏర్పాటుతో ఇచ్చారు. గేర్ రాడ్ ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. రాడ్ మీద చెయ్యి వేసి కదిలించగానే సెన్సర్ ఆ ఉద్దేశాన్ని పసిగట్టి క్లచ్‌ని తానే విడదీస్తుంది. తెలివైన పనే. తొందరపడి మార్చేవాడిని మాత్రం అరక్షణం ఆగమంటుంది, ఆ అరక్షణమే స్పోర్ట్ అనే మాటకి పడదు. ఏడు గేర్ల డబుల్ క్లచ్ ఆటోమేటిక్ దీనికన్నా చురుకు.

చెన్నై కార్లకి ఇంకో పరీక్ష అగ్నినక్షత్రం రోజులు. మే నెల మిట్టమధ్యాహ్నం నలభై డిగ్రీల గాలి పలచగా ఉంటుంది, వేడిగానూ ఉంటుంది. పెట్రోలు ఇంజన్‌లో గాలీ ఇంధనం కలిసే అణగుతాయి కాబట్టి వేడి ఎక్కువైతే స్పార్క్ రాజేసిన మంట చేరకముందే మూలల్లో అక్కడక్కడా దానంతటదే అంటుకునే ప్రమాదం. అదే నాకింగ్. దాన్ని వినడానికి ఇంజన్ బ్లాక్‌కి ఒక సెన్సర్ అతికించి ఉంటుంది. అలికిడి వినగానే కంప్యూటర్ స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది, ఇంజన్ బతుకుతుంది, కొంచెం బలం పోతుంది. డీజిల్ అదిమేది ఒట్టి గాలినే, దానికి ఈ భయం లేదు. అందుకే జనవరి పొద్దున నడిపిన పెట్రోలు కారునీ, మే మధ్యాహ్నం నడిపిన పెట్రోలు కారునీ ఒకే కారు అనుకోకూడదు. ఐరోపా పత్రికల పరీక్షా ఫలితాలు మన ఊరికి అతకని కారణాల్లో ఇదొకటి.

ఐరోపాలో ఈ డీజిల్, పెట్రోలు పోటీ పాతదే. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 1976లో వస్తే, 1982కల్లా దానికి డీజిల్ తోడు జీటీడీ వచ్చేసింది. ఏడో తరం గోల్ఫ్‌లో జీటీఐకి 220 పీఎస్, 350 న్యూటన్ మీటర్లు, జీటీడీకి 184 పీఎస్, 380 న్యూటన్ మీటర్లు. నూరు అందుకోవడానికి అటు 6.5 సెకన్లు, ఇటు 7.5. మన ఐ20ల పొందికే అక్కడా, కాస్త పెద్ద కొలతలో.

ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ కూడా ఈ తగువు చూసింది. 2010లో ఫోక్స్‌వ్యాగన్ మన దేశంలో పోలో కప్ మొదలుపెట్టినప్పుడు ఆ రేసు కార్లలో ఉన్నది 1.6 లీటర్ల టీడీఐ డీజిల్, 130 పీఎస్. రేసు చూడ్డానికి వచ్చినవాళ్లకి డీజిల్ కార్లు బారులు తీరడం వింతే. అయితే అప్పటికే 2006లో ఆడీ డీజిల్ కారు లె మాన్ 24 గంటల రేసు గెలిచి ఉంది, డీజిల్‌తో ఆ రేసు గెలవడం అదే మొదలు. 2012లో పోలో ఆర్ కప్ అని పేరు మార్చి 1.4 లీటర్ల టీఎస్‌ఐ పెట్రోలు ఇంజన్ పెట్టారు, 180 పీఎస్. 130కీ 180కీ పోటీ ఏమిటని అడగొచ్చు, అది నిజమే. నా మాట వేరు. ఒక్క చుట్టు వేగమే చూసుకునే చిన్న రేసులో ఎవడూ 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉండడు. ప్రతి మలుపు నుంచీ సూది ఎర్రగీతకి దగ్గరగా ఉండేట్టే బయటికొస్తాడు. డీజిల్ తన సొత్తంతా దాచుకున్న అంతస్తులోకి రేసు డ్రైవర్ అసలు దిగడు. తిరుత్తణి దారిలో కుటుంబంతో వెళ్లేవాడు ఎప్పుడూ ఉండేది అక్కడే.

ఇక డబ్బు. కంపెనీ లెక్కన డీజిల్ ఐ20 లీటరుకు 25 కిలోమీటర్లు, టర్బో పెట్రోలు 20. 2012లో పెట్రోలుకీ డీజిల్‌కీ లీటరు మీద తేడా పాతిక రూపాయలు దాటి ఉండేది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వం పట్టు వదిలాక అది కరుగుతూ వచ్చింది. 2022 వేసవికి చెన్నైలో ఎనిమిది రూపాయలకి దిగింది. డీజిల్ కారుకి ముందు పెట్టే అదనపు లక్ష తిరిగి రావాలంటే బాగా తిరగాలి. మైలాపూర్ నుంచి టీ నగర్ వెళ్లి వచ్చేవాడికి అది రాదు సరికదా, కొత్త తలనొప్పి వస్తుంది. బీఎస్6 డీజిల్ పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. నిండాక ఆ మసిని దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చేయాలి, దానికి కారు కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే కారుకి ఆ అవకాశం రాదు, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది.

నన్నడిగితే, నెలకోసారి నెల్లూరు దాటి వెళ్లేవాడికి డీజిల్, ఆదివారం పొద్దున్నే ఈసీఆర్‌లో మహాబలిపురం దాకా సరదాగా వెళ్లొచ్చేవాడికి పెట్రోలు. అయితే 2023 ఏప్రిల్ నుంచి షోరూంలో ఈ ఎంపికే లేదు. ప్రయోగశాలలోనే కాక రోడ్డు మీద కూడా పొగ కొలవాలన్న నిబంధన వచ్చింది, చిన్న డీజిల్‌ని అందుకు తగ్గట్టు మార్చడం గిట్టుబాటు కాక ఐ20 డీజిల్‌ని ఆపేశారు. ఆ ఏడు సెప్టెంబరులోనే మెరుగులు దిద్దిన ఎన్ లైన్ వచ్చింది, ఐఎంటీ తీసేసి మామూలు క్లచ్ పెడల్‌తో ఆరు గేర్ల మాన్యువల్ ఇచ్చారు. అంటే రెండు కార్లూ మూడేసి పెడల్స్‌తో, ఒకే షోరూంలో, ఒకే రోజు టెస్ట్ డ్రైవ్‌కి దొరికిన సందర్భం ఒక్కటీ లేదు. ఐదు నెలల తేడాతో తప్పిపోయింది. ఇప్పుడు సరిగా పోల్చి చూడాలంటే ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాలి. అలా వెతికేటప్పుడు ఓడోమీటర్ బాగా తిరిగి ఉందని డీజిల్‌ని వెంటనే కాదనకండి. హైవే మీద తిరిగిన లక్ష కిలోమీటర్లు దాని ఫిల్టర్‌కి మంచివే. అనుమానించాల్సింది ఊళ్లోనే ఉండి పాతికవేలే తిరిగినదాన్ని.