సగం మాటను ఆపి ఉంచే పని

చాట్ క్లయింట్ రాయడం పైకి చిన్న పనే. సర్వర్‌కు సాకెట్ తెరవాలి, పేరు చెప్పుకోవాలి, వచ్చింది చూపించాలి, టైప్ చేసింది పంపాలి. 1988లో ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ మొదలుపెట్టిన ఐఆర్‌సీ అనే చాట్ వ్యవస్థ మీద ఈ పనిని సాధన చేసినవాళ్లు ఎందరో.

పనితనం బయటపడేది చదివే చోట. సాకెట్ వెనక డేటాను మోసే టీసీపీకి మన వాక్యాలతో నిమిత్తం లేదు. దానికి తెలిసింది బైట్ల వరస ఒక్కటే. ఒకసారి సగం మాట వస్తుంది, ఇంకోసారి మూడు కలిసొస్తాయి. వచ్చినదాన్ని బఫర్‌లో దాచి, లైను ముగింపు గుర్తు కనిపించాకే విప్పాలి. తెలుగువాళ్లకు ఇది మరీ అవసరం. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో మన ‘క’ 3 బైట్లు, ‘క్షే’ ఏకంగా 12. అక్షరం నడుమ తెగిన ముక్కను తొందరపడి విప్పితే తెరమీద ప్రశ్నార్థకాలే మిగులుతాయి. ఐఆర్‌సీ సందేశం హద్దేమో 512 బైట్లు. ఇంగ్లీషు రాసేవాడికి దొరికే చోటులో మనకు దక్కేది మూడో వంతు, పాపం!

కీబోర్డునూ సాకెట్‌నూ ఒకేసారి కనిపెట్టుకోవడానికి ‘సెలెక్ట్’ అనే సిస్టమ్ కాల్ ఉంది. సర్వర్ ‘పింగ్’ అంటే ‘పాంగ్’ అని బదులివ్వాలి, లేకపోతే కాసేపటికి బయటికి నెట్టేస్తుంది. వాడేవాళ్లకు ఈ పలకరింపులు వినిపించకూడదు.

కనెక్షన్ తెగినప్పుడు సర్వర్ మీద పడి బాదకుండా, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు ఆగి ప్రయత్నించే క్లయింట్‌ను చూస్తే రాసినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది.